కొంగలోళ్లకూ కొక్కరోళ్లకూ కుదిరిన సంబంధం

ఆ రోజుల్లో మా వైపు సంబంధం కుదరాలంటే అబ్బాయి జీతం, అమ్మాయి చదువు తర్వాతి సంగతి. మొదట ఇంటిపేరు చెప్పాలి. ఇంటిపేరు ఒకటే అయితే ఇక మాటే లేదు, అన్నాచెల్లెళ్లు. వాళ్లెక్కడో కుప్పంలో, మేమెక్కడో మదనపల్లెలో పుట్టి తరతరాలుగా ఒకరి మొహం ఒకరు చూడకపోయినా సరే, అన్నాచెల్లెళ్లే. ఇప్పటి పిల్లలకు ఈ సంగతి చెబితే ఫోన్లోంచి తల ఎత్తకుండానే నవ్వుతారు. నవ్వనివ్వండి. నా పెళ్లి ఒక కొంగ దగ్గర ఆగిపోయి, మళ్లీ ఆ కొంగ దగ్గరే కదిలింది కాబట్టి నేను మాత్రం ఇంటిపేర్ల విషయంలో ఇప్పటికీ ఒళ్లు దగ్గర పెట్టుకునే మాట్లాడతాను.

మా ఇంటిపేరు కొంగల. ఆ పేరుతో బడికి పోవడం ఎంత కష్టమో పడినవాడికే తెలుస్తుంది. హాజరు పిలిచేటప్పుడు మాస్టరు ఇంటిపేరు దగ్గర కాస్త ఆగేవాడు, ఆ ఆగిన చోట క్లాసంతా నవ్వేది. నేను కళ్లు మూసుకుని పాఠం వింటే కొంగజపం అనేవాళ్లు, తెరుచుకుని వింటే చేపకోసం చూస్తున్నాడనేవాళ్లు. అసలీ పేరెలా వచ్చిందని ఇంట్లో అడిగితే ఒక్కొక్కరూ ఒక్కో కథ చెప్పేవారు. మా అవ్వ (నాయనకు తల్లి, మా వంశ చరిత్రకంతా ఏకైక అధికారి) చెప్పేదేమంటే, ఎప్పుడో పెద్ద కరువులో మా మూలపురుషుడు గొర్రెలు తోలుకుని నీళ్లకోసం తిరుగుతూ ఆకాశంలో కొంగల బారు పోవడం చూసి, ఆ బారు వెంటే పోయాడట. చెరువు దొరికిందట. గొర్రెలూ బతికాయి, మేమూ పుట్టాం. అందుకని మా ఇళ్లలో కొంగను కొట్టరు, తినరు, అది తలమీదుగా పోతే దండం పెడతారు. మా మేనమామ దీనికి ఒప్పుకునేవాడు కాదు. "సెరువూ ల్యా, గొర్రెలూ ల్యా. మీ ముత్తాత కాళ్లు నేను సూసినా. మోకాటికాడ్నించి కిందికి కండ అనేదే ల్యా. అదీ అసలు సంగతి" అని, ఒకసారి నా కాళ్లవంక చూసి ఊరుకునేవాడు. డిగ్రీ చదివేటప్పుడు నేను లైబ్రరీలో పెద్ద నిఘంటువు దించి, దుమ్ము దులిపి, కొంగ అంటే ఏమిటో చూశాను. బకము అని ఉంది. బకము తీసి చూస్తే కొంగ అని ఉంది. చదువుమీద నాకున్న గౌరవం కొంత తగ్గింది ఆ రోజే.

డిగ్రీ అయ్యాక మదనపల్లె టమోటా మార్కెట్లో ఒక మండీలో కుదిరాను. కుదిర్చింది మా మేనమామే. ఆయన అక్కడ వేలం పాడే మనిషి, అందరూ వేలం మామ అనేవారు. తెల్లవారకముందే గొంతెత్తితే మార్కెట్ యార్డు అవతలి గోడదాకా వినబడేది. కష్టమేమిటంటే ఇంటికొచ్చాక కూడా ఆ గొంతు దిగేది కాదు. ఉప్పు అందించమన్నా వేలం పాడినట్టే అడిగేవాడు. సెల్‌ఫోన్లు ఇంకా అందరి చేతికీ రాని కాలం. ఎస్టీడీ బూత్‌లో నిలబడి అరిచి ఆయన కుదిర్చిన సంబంధమే కుప్పం అమ్మాయిది. వాళ్ల ఇంటిపేరు కొక్కర. మాది కొంగల, వాళ్లది కొక్కర, వేరువేరు పేర్లు, కులం ఒకటే. ఇంకేం కావాలి అనుకున్నాం. మమ్మల్ని కుప్పం రమ్మంటే దూరమని మేమన్నాం, వాళ్లను మదనపల్లె రమ్మంటే మర్యాద కాదని వాళ్లన్నారు. చివరికి నడుమన పుంగనూరులో ఇద్దరికీ చుట్టమైన ఒకాయన ఇంట్లో పెళ్లిచూపులని తేలింది. (నడుమన అని మేమన్న మాటే. మాకు అరగంట, వాళ్లకు పూటంతా.)

నేను తెల్లప్యాంటు వేసుకుని పోయాను. టమోటా మండీలో పనిచేసేవాడికి తెల్లప్యాంటు ఉండటమే ఒక గొప్ప. అమ్మాయి కాఫీ తెచ్చింది. అందరు అమ్మాయిలూ తల వంచుకుని తెస్తారని విన్నాను, ఈ అమ్మాయి మాత్రం గ్లాసు నా చేతికిస్తూ తిన్నగా నా మొహంలోకి చూసింది, నేనే తల వంచుకున్నాను. మాట్లాడుకోండని మమ్మల్ని పెరట్లోకి పంపితే, ఏం మాట్లాడాలో తెలియక "మీకు టమోటాలు ఇష్టమా?" అని అడిగాను. "ధర పడిపోయినప్పుడు ఇష్టం" అంది. నవ్వింది. అంతే, నా పని అయిపోయింది. ఆ క్షణాన్నుంచి నాకు ఆ అమ్మాయి తప్ప వేరే అమ్మాయి వద్దు. లోపలికి వచ్చేసరికి వాళ్లమ్మ నన్ను అప్పుడే అల్లుడా అంటోంది, మా అవ్వ వాళ్ల తాతతో వానల గురించి, మోకాళ్ల నొప్పుల గురించి చనువుగా మాట్లాడుతోంది. మా నాయన మాత్రం ఎప్పటిలాగే మాట్లాడలేదు. అవ్వ ఉండగా ఆయనకు ఆ అవసరం ఎప్పుడూ రాలేదు.

అప్పుడు కుప్పం తాత (అమ్మాయి తాత, తెల్లమీసాలు, చేతిలో కర్ర, ఇంటికి ఆయన మాటే చట్టం) వక్కాకు నములుతూ అడిగాడు.

"ఏమప్పా, మీ ఇంటిపేరు ఏమంటిరి?"

"కొంగల" అన్నాడు వేలం మామ.

తాత నమలడం ఆపాడు. "కొంగల" అని తనలో తాను ఒకసారి అనుకున్నాడు. తర్వాత కర్ర నేలకు తాటించి, "మా కుప్పం కాడ ముగ్గురు కూకుంటే మూడు బాసలప్పా. పక్కనే కన్నడమోళ్లు. వాళ్లు కొంగను ఏమంటారో ఎరికేనా? కొక్కరె అంటారు. మా పెద్దోళ్లు ఆ పక్కనించి వచ్చినోళ్లే, ఆ పేరే పెట్టుకుండారు. అంటే మీరూ కొంగలే, మేమూ కొంగలే. ఒకే పిట్ట పేరు పెట్టుకున్నోళ్ల నడుమ పెండ్లేందప్పా?" అన్నాడు.

తర్వాత జరిగింది చెబితే మీరు నమ్మరు. ఒక్క నిమిషంలో ఆ ఇంట్లో చుట్టరికాలన్నీ తలకిందులైపోయాయి. అల్లుడా అన్న నోటితోనే వాళ్లమ్మ "నాయనా, ఇంగ రెండు బజ్జీలు తిను కొడకా" అంది. కాబోయే బావమరిది అనుకున్నవాడు వచ్చి నా భుజంమీద చేయివేసి అన్నా అన్నాడు. అప్పటిదాకా తాతతో మోకాళ్ల నొప్పుల గురించి మాట్లాడిన మా అవ్వ, ఆయన ఇప్పుడు తనకు బావ వరసయ్యాడని గబుక్కున కొంగు తలమీదికి లాక్కుని గోడవైపు తిరిగింది. మా నాయన ఆ రోజు మొత్తానికి ఒకే ఒక్క మాట మాట్లాడాడు. "దాయాదులంటే పొలంలో భాగం గూడా ఇయ్యాల్నా?" అన్నాడు భయంగా. ఎవరో "అన్నకు నీళ్లియ్యమ్మా" అన్నారు. అమ్మాయి నీళ్లు తెచ్చింది. చెంబు అందిస్తూ, నాకు మాత్రమే వినబడేలా, "నేను మాత్రం అన్నా అనేదిల్యా" అంది. ఈసారి నవ్వలేదు.

వేలం మామ అంత సులభంగా సరుకు వదులుకునే మనిషి కాదు. "ఉండండప్పా, ఉండండి. లోకంలో ఒకే కొంగ ఉండాదా? నూరు రకాలుండాయి. మీది ఏ కొంగో, మాది ఏ కొంగో! తెలుసుకోకనే అన్నా సెల్లీ అంటే ఎట్ల?" అన్నాడు. కుప్పం తాత న్యాయం తప్పే మనిషి కాదు. కాసేపు ఆలోచించి "అదీ నిజమే. సూద్దాం పా" అన్నాడు. ఊరి బయట చెరువులో ఆ ఏడు నీళ్లున్నాయి, కొంగలు దిగుతున్నాయని ఇంటాయన చెప్పాడు. పెళ్లిచూపులకొచ్చిన రెండు కుటుంబాలూ పట్టుచీరలతో, పంచెలతో, ఆటోలెక్కి కొంగల్ని చూడటానికి బయలుదేరాయి. అమ్మాయిని ఆటోలో కూర్చోబెట్టుకుని పిట్టని చూసుకోవడానికి పోయిన పెళ్లివారు మేం తప్ప ఈ జిల్లాలో మరొకరు ఉండరు.

ఆటోలో వేలం మామ దారిపొడుగునా మా అవ్వకు పాఠం చెప్పాడు. "అత్తా, ఆడ ఎనుముల ఎనకాల తెల్లగా, సిన్నగా తిరిగేటివి ఉంటాయి. ఏలు పెట్టి సూపించి, ఇదే మా కొంగ అని ఒక్క మాట సెప్పు. నీ మనవడి పెండ్లి అయిపోతాది." అవ్వ సరేలే, సరేలే అంది. నేను కూడా చేతులు పట్టుకుని బతిమాలాను. "నాకు తెలుసులేరా, నేనేమన్నా సిన్నపిల్లనా" అంది.

చెరువు దగ్గర నిజంగానే రెండు రకాలున్నాయి. గట్టు దగ్గర మేస్తున్న ఎనుముల కాళ్ల సందున చిన్నచిన్న తెల్లకొంగలు. లోపల మోకాటిలోతు నీళ్లలో పెద్దవి, పసుప్పచ్చని పొడుగు ముక్కు, ఎర్రని కాళ్లు, తోకదగ్గర అమ్మవారికి చల్లిన కుంకుమ అంటినట్టు గులాబీ రంగు. కుప్పం తాత కర్ర చాచి పెద్దవాటిని చూపించాడు. "అదీ మా కొక్కర. మా ఊరి పక్క చింతచెట్లమింద గూళ్లు కట్టేది అదే. కాన్పుకొచ్చిన ఆడబిడ్డ మాదిరి వస్తాది, పిల్లల్ని లేపుకోని పోతాది. దాని జోలికి మేం పోము."

వేలం మామ మొహం వెలిగిపోయింది. గట్టుమీద ఎక్కి నిలబడి, ఎదురుగా టమోటా బాక్సులున్నట్టే గొంతెత్తాడు. "సూడండప్పా సూడండి! వాళ్లది పెద్దది, మాది సిన్నది! వాళ్లది ఎర్రకాలు, మాది నల్లకాలు! పెద్దదానికీ సిన్నదానికీ సుట్టరికమే ల్యా! ఒకటోసారి! రెండోసారి!" మూడోసారి అనబోయి ఆగిపోయాడు. ఎందుకంటే మా అవ్వ చెప్పులు విడిచేసి, నీళ్ల అంచుదాకా నడిచిపోయి, ఆ పెద్ద ఎర్రకాళ్ల కొంగలకేసి రెండు చేతులూ ఎత్తి మొక్కుతోంది. "సామీ, ఎన్నేండ్లకు కనిపిస్తివి నాయనా! మా అత్త నాకు సూపించింది నిన్నే గదా" అని కళ్లనీళ్లు పెట్టుకుంటోంది.

"అత్తా! ఏం సెప్తిని, ఏం జేస్తివి!" అని వేలం మామ తల పట్టుకున్నాడు.

"ఇంటిదేవుని కాడ అబద్ధం సెప్పమంటావేందిరా?" అంది అవ్వ.

ఇక మిగిలింది నేనొక్కడినే. బీయస్సీలో నాకు జువాలజీ ఒక సబ్జెక్టు. "శాస్త్రం ప్రకారం ఈ రెండు పక్షులకూ మన ఇంటిపేర్లకూ..." అంటూ గంభీరంగా మొదలుపెట్టి, చెయ్యి చాచి ముక్కులు చూపిస్తూ రెండడుగులు ముందుకు వేశాను. కాలు జారింది. ఒక కాలు మోకాటిదాకా బురదలో దిగబడిపోయింది. రెండోది ఎక్కడ పెట్టినా అదే గతి పడుతుందని పైకెత్తి పట్టుకున్నాను. తెల్లప్యాంటుతో, ఒంటికాలిమీద, నీళ్లలో నిలబడ్డాను. అవతల కొంగలూ అలాగే నిలబడి ఉన్నాయి. అందరూ వాటినీ నన్నూ మార్చిమార్చి చూశారు. తర్వాత కుప్పం తాత నిట్టూర్చి, "ఇంగ దీనికి వేరే రుజువేం గావాలప్పా?" అన్నాడు. ఆయన మాటలో వెటకారం లేదు, అదే నన్ను ఎక్కువ కుంగదీసింది.

నన్ను బయటికి లాగారు. తాత తీర్పు చెప్పాడు. పేరొక్కటే సరిపోదు, ఒక వంశమని తేల్చేది తిండి. కొంగను ఇంటిదేవుడిగా ఉంచుకున్నవాళ్లు కొంగను తినరు. మీరూ తినరు, మేమూ తినము, కాబట్టి మనమొకటే. మాటలైపోయాయి కాబట్టి మర్యాదగా విడిపోదాం. వేలం మామ చివరి దెబ్బగా "మీలో ఒక్కరన్నా, ఎప్పుడన్నా, తెలియకన్నా తినిండరా?" అని అడిగాడు. అడగ్గానే వాళ్ల ఆడవాళ్లంతా శివశివా అని చెవులు మూసుకున్నారు. "మా వంశంలో పుట్టినోడు ఎవుడూ తినలే" అన్నాడు తాత. అమ్మాయి అందరికీ దూరంగా గట్టుమీద నిలబడి చెరువువైపు చూస్తోంది.

"నేను తింటిని."

ఎవరిదా గొంతు అని అందరం వెతుక్కున్నాం. అమ్మాయి తండ్రి. అప్పటిదాకా ఆయన గురించి నేను చెప్పనేలేదు, చెప్పడానికి ఆయన మాట్లాడితేగదా. కుప్పంలో చిల్లర అంగడి. నుదుటిమీద విభూతి. నీసు ముట్టడనీ, గుడ్డు కూడా ఇంట్లోకి రానివ్వడనీ పుంగనూరు చుట్టం గొప్పగా చెప్పిన మనిషి. ఆయన నేలచూపులు చూస్తూ నిలబడ్డాడు, చెవులు మాత్రం ఎర్రగా ఉన్నాయి.

"ఏం తింటివి?" అన్నాడు తాత.

"కొక్కరను. సిన్నప్పుడు. గొర్రెల ఎంబడి పోయిన్నప్పుడు. ఆకలైతాంటే, పిల్లోళ్లు కాలస్తాంటే, నేనూ తింటిని."

"ఎట్లుండె?" అన్నాడు వేలం మామ. ఆయనకు ఎక్కడ ఊరుకోవాలో ఎప్పుడూ తెలియదు.

ఆయన కాసేపు తడబడ్డాడు. "కూర మాదిరే ఉండె" అన్నాడు.

తాత కొడుకు మొహంలోకి చూశాడు. ఎంతసేపు చూశాడంటే, చెరువులో కొంగలు రెండు ఎగిరిపోయి మళ్లీ వచ్చి వాలాయి. చివరికి కర్ర ఎత్తి, "ఇంటిదేవున్ని తిన్నోడు ఆ ఇంటోడు కాడు. వీడు ఈ పొద్దునించి కొక్కరోడు కాడు. వాళ్లమ్మ పుట్టింటి పేరు పెట్టుకోని బతకమను. వాళ్లు ఉలవలోళ్లు" అన్నాడు. ఉలవలోళ్లు ఉలవలు తింటారా అని వేలం మామ అడగబోతుంటే మా నాయన ఆయన నోరు మూశాడు. మా నాయన జీవితంలో చేసిన గట్టి పని అదొక్కటే.

అలా నాకు పెళ్లయింది. పెళ్లికి ముందు కుప్పంలో మా మామగారికి పెద్దల ఎదుట బంగారు ఉంగరం వేడిచేసి నాలుకకు తాకించి, తులసినీళ్లు తాగించి తప్పు కడిగారు. శుభలేఖ మీద ఉలవల వారి అమ్మాయి అని అచ్చువేయించారు. నేనైతే చాలా గర్వంగా తిరిగాను. నాలో ఏదో చూడబట్టే ఇంత పెద్దమనిషి పాత పాపం బయటపెట్టుకుని మరీ పిల్లనిచ్చాడని నా లెక్క. ఆ పాపం చేసిన బాధతోనే ఆయన నీసు మానేసి ఉంటాడని మండీలో అందరికీ వివరించి చెప్పేవాడిని కూడా. శాస్త్రీయంగా ఆలోచించే అలవాటు నాకు మొదట్నుంచీ ఉంది.

కుప్పంలో మాత్రం మా మామగారికి కొత్తపేరు పడింది. కొంగతిన్నప్ప. బజారులో పోతుంటే వెనకనుంచి ఎవడో ఒకడు "మామా, ఈ పొద్దు కూరేంది?" అనేవాడు. అంగట్లోకి పప్పుకోసం వచ్చిన పిల్లలు "కొంగ తూకం ఎంత?" అని పారిపోయేవారు. దేవుడి పనులకు ముందు నిలబడే మనిషి మెల్లగా రెండో వరసలోకి జరిగాడు. ఎవరేమన్నా ఆయన పొట్లం కట్టి, దారం తెంపి ఇచ్చి, తర్వాతి మనిషివైపు తిరిగేవాడు.

పెళ్లయిన నాలుగైదేళ్లకు మాకు పాప పుట్టి కాస్త పెద్దదయ్యాక, ఆయన మదనపల్లె వచ్చారు. ఆ రోజు పాపకు గుడ్డు ఉడకబెట్టడానికి పొయ్యిమీద పెట్టాను. ఆవిరి వాసన తగిలిందో లేదో, ఆయన ముక్కు మూసుకుని వీధి అవతలికి పరుగెత్తి, కాలువ పక్కన కూర్చుని కడుపులో ఉన్నదంతా కక్కేశారు. నేను హడలిపోతే మా ఆవిడ తాపీగా, "మా నాయన పుట్టినప్పట్నించీ అంతే. నీసు వాసనొస్తే కడుపులో నీళ్లు గూడా నిలవవు" అంది.

"మరి కొంగ?" అన్నాను.

మా ఆవిడ నన్ను జాలిగా చూసింది. "మా ఇంట్లో ఆ పొద్దే అందరికీ ఎరికే. మా తాతకూ ఎరికే. మీకు ఇప్పుడా తెలిసేది?" అంది. అవ్వ దగ్గరికి పరుగెత్తాను. తల దువ్వుకుంటున్న అవ్వ, దువ్వెన కూడా ఆపకుండా, "కట్టుబాటు పెద్దదే గానీ రా, దానికి గూడా తలుపనేది ఒకటి ఉండాల గదా. ఆయప్ప తీసినాడు" అంది. బీయస్సీ చదివినవాడిని, ఆ చెరువుగట్టు మీద అంతమందిలో ఆ మాట నిజమని నమ్మింది నేనూ, వేలం మామా. (మామ ఇప్పటికీ నమ్ముతూనే ఉన్నాడు. తన వేలంపాట వల్లే బేరం కుదిరిందని ఆయన నమ్మకం, చెడగొట్టడం ఎందుకని ఊరుకున్నాం.)

ఆ రోజు సాయంత్రం పాప తాత ఒళ్లో కూర్చుంది. కుప్పం పోయినప్పుడు వీధిపిల్లలు ఏమన్నారో ఏమో, "తాతా, కొంగ కూర ఎట్లుంటాది?" అని అడిగేసింది. నేను పాపను వారించబోయాను. ఆయన నావైపు చూడలేదు. లోపల బియ్యం చెరుగుతున్న కూతురివైపు ఒకసారి చూసి, పాప తల నిమిరి, "మీ అమ్మ పెండ్లినాడు తిన్న బువ్వ ఉండాదే, ఆ రుచే ఉంటాది తల్లీ" అన్నారు.

ఇప్పుడు మా పాప కాలేజీకి పోతోంది. దాని కోసం నేను ఏం తిన్నానని ఒప్పుకోవలసి వస్తుందో అని అప్పుడప్పుడూ ఆలోచిస్తుంటాను. తెల్లప్యాంటుతో బురదలో ఒంటికాలిమీద నిలబడి, ఆ పిల్లను తానే గెలుచుకున్నాననుకున్న ఆ కుర్రవాడు గుర్తొస్తే నవ్వొస్తుంది. వాడికి ఒక్క మాట చెప్పాలనిపిస్తుంది, ముందు పోయి ఆ పిల్ల నాయన కాళ్లకు దండం పెట్టరా అని.